మాగ గదిలో పెట్టిన పెట్టె

మైలవరం రోడ్డులో నూజివీడు దాటాక ఎడమ చేతి పక్క ఒక రసాల తోట ఉంది. తోట మధ్యలో రెండు గదుల రేకుల ఇల్లు. ఇంటికి ఆనుకుని కిటికీ లేని గది ఒకటి. అందులో వరిగడ్డి పరిచి, మామిడికాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి మాగబెడతారు. మాగ గది అంటారు దాన్ని. వేసవిలో ఆ గది తలుపు దగ్గర నిలబడితే చాలు, లోపల ఎవరో పడుకుని ఊపిరి వదులుతున్నట్టు వెచ్చటి గాలి మొహానికి తగులుతుంది.

ఆ ఇంటి కోడలు లేయా. దీపాలు పెట్టే వేళకి వంట ముగించి, చేతులకంటిన మామిడి సొన కొబ్బరినూనెతో తుడుచుకుని, ముందు గదిలో కంప్యూటరు దగ్గర కూర్చోవడం ఆమెకి అలవాటు. రోజూ ప్రార్థన ఎలాగో అదీ అలాగే. సెకండ్ హ్యాండుది అది. ఆమె భర్త డేవిడ్ రాజు కాయల లారీ నడుపుతాడు, విజయవాడ వెళ్ళినప్పుడు కొనుక్కొచ్చాడు. పాటలు వినడానికని కొన్నాడు గాని, ఇప్పుడు అందులో విలువైంది ఒకటే. 'దీవెన' అని పేరు పెట్టిన ఫోల్డరు.

దీవెన వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. నాలుగేళ్ళు నిండీ నిండకుండా విషజ్వరం వచ్చి పోయింది. మూడేళ్ళయింది. ఆల్బమ్‌ని చెదలు తినేశాయి. ఫొటోలు తీసిన ఫోను కాలవలో పడింది. అంతకుముందే కంప్యూటర్‌లోకి ఎక్కించిన కాసిని ఫొటోలే మిగిలాయి. లేయా ఎవరితోనూ అనని సంగతి ఒకటుంది. కళ్ళు మూసుకుంటే పిల్ల ఎర్ర గౌను గుర్తొస్తుంది, జడకి కట్టిన ఎర్ర రిబ్బను గుర్తొస్తుంది, కాలి పట్టీల చప్పుడు గుర్తొస్తుంది. మొహం మాత్రం రాదు. ఆ కంప్యూటరు పెట్టె తెరిస్తేనే మొహం. అందుకే రోజూ తెరుస్తుంది.

పెట్టెకి ఏమన్నా అయితే ఎలాగా అన్న భయంతోనే ఆమె ఫోన్‌లో ఒక గ్రూపులో చేరింది. నూజివీడు కంప్యూటర్ మిత్రులు దాని పేరు. ఇంట్లో కంప్యూటర్లున్నవాళ్ళు, వాటిని విప్పి బిగించే పిచ్చి ఉన్నవాళ్ళు అందులో ఉంటారు. ఒకాయన మా ప్రింటరు కాగితాలు నమిలేస్తోందంటాడు. ఇంకొకాయన మా సిస్టం నత్తలా నడుస్తోందంటాడు. పేరుకే మిత్రులు. అడిగినవాణ్ణి నలుగురూ కలిసి పీక్కుతినందే జవాబు చెప్పరు. అందరిలోకీ బాగా తెలిసినవాడు జోజిబాబు. అందరిలోకీ నోరు చెడ్డది కూడా అతనిదే. ఆ భయానికి లేయా అన్నీ చదివేది గాని ఏనాడూ ఒక్కటీ అడగలేదు.

ఆ వేసవిలో డేవిడ్ రాజు లోడు వేసుకుని నాగపూర్ వెళ్ళాడు. మర్నాడు సాయంత్రం ఈదురుగాలి లేచింది. తోటంతా కాయలు దబదబా రాలాయి. లేయా, ఆమె ఆడపడుచు మగ్దలేనమ్మ గంపలు పట్టుకుని వానలోకి పరిగెత్తారు. తిరిగొచ్చేసరికి ముందు గది మీద రేకు ఒకటి లేచిపోయి ఉంది. కంప్యూటరు మీద వాన ధార కట్టింది.

లేయా పెట్టెని ఎత్తి వంచింది. లోపల్నుంచి నీళ్ళు బొళబొళా కారాయి.

"అయిపోయింది," అంది మగ్దలేనమ్మ గుమ్మంలో నిలబడి. "పిల్లని మింగావు. పిల్ల బొమ్మనైనా మిగల్చలేదు. ఎల్లుండి తెల్లారేసరికి నా తమ్ముడొస్తాడుగా, వాడికి చెప్పుకో."

మగ్దలేనమ్మ డేవిడ్ రాజుకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. యాభై దాటినా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు, నడుం కిందికి దిగే నల్లటి జడ. దీవెన ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే పిల్లని ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది. పిల్ల పోయిన దగ్గర్నుంచి లేయాతో మాట్లాడితే కరిచినట్టే మాట్లాడుతుంది.

ఆ సాయంత్రం లేయా సిగ్గు చంపుకుని గ్రూపులో రాసింది. "అందరికీ వందనాలండి. మా కంప్యూటరు వానకి తడిసిపోయింది. లోపల మా పాప ఫొటోలున్నాయి. ఏం చేయాలండి?"

ముందు నవ్వే బొమ్మలొచ్చాయి.

"కంప్యూటర్‌కి తలంటు పోశారా అక్కా?" అన్నాడు ఒకడు.

"బియ్యం డబ్బాలో పెట్టండి మేడమ్," అన్నారు బాపులపాడు నుంచి ప్రేమ్ కుమార్ మాస్టారు.

"అంత పెట్టెకి ఎన్ని బస్తాలు పోస్తారు మాస్టారూ, రైసు మిల్లు మీదా?" అని జోజిబాబు ఆయన మీద పడ్డాడు. ఆ తర్వాత లేయా మీదికొచ్చాడు. నోటితో మాట్లాడి పంపాడు. "లేయక్కా, బ్యాకప్ తీసి పెట్టుకోండర్రా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను ఈ గ్రూపులో. విన్నారా? వినరు. ఇప్పుడు ఏడవండి. సరే, విను. పొరపాటున కూడా కరెంటు ఇవ్వకు. మూత విప్పు. ర్యామ్ పీకి పెన్సిల్ రబ్బరుతో రుద్దు. ఎండలో పెట్టకు. గాలాడే చోట, వెచ్చగా పొడిగా ఉండే చోట పెట్టు. రెండు రోజులు దాని జోలికెళ్ళకు. బుర్రకెక్కిందా?"

లేయా మూత విప్పింది, అతను చెప్పినట్టే చేసింది. ఇక ఎక్కడ పెట్టాలి? ఇల్లంతా తడి. వెచ్చగా, పొడిగా ఉన్న చోటు ఆ ఇంట్లో ఒక్కటే. వరిగడ్డి చెమ్మని ఎలా లాగేసుకుంటుందో ఆమె పుట్టిన దగ్గర్నుంచీ చూస్తోంది. గాలాడే చోట అన్న మాట బుర్రలోంచి జారిపోయింది. మాగ గదిలో నిన్ననే పేర్చిన పచ్చి రసాల మధ్య గడ్డి తోడి, గూడులా చేసి, పెట్టెని అందులో కూర్చోబెట్టింది. పైన గడ్డి కప్పింది. చేతులు వాటి అలవాటు కొద్దీ కాయకి చేసినట్టే చేశాయి.

మగ్దలేనమ్మ వెనకాల నిలబడి చూసింది.

"మాగలో ఏం పెడతారే?"

"ఏంటి వదినా?"

"పండకముందే చెట్టు నుంచి తెగిపోయిన దాన్ని పెడతారు. నువ్వు ఆ గడ్డిలో దేన్ని పెట్టావో తెలుస్తోందా?"

"కంప్యూటర్ని వదినా. తడారడానికి."

మగ్దలేనమ్మ ఒక అడుగు ముందుకేసింది. గడ్డి కుప్ప వైపు చాలాసేపు చూసింది. మూడేళ్ళలో మొదటిసారి ఆమె మొహంలో కోపం లేదు.

మర్నాడు పొద్దున ఇల్లంతా వాసన. రసాలు పండడానికి వారం పడుతుంది. ఇదేమో అప్పుడే తలకెక్కే మగ్గిన వాసన. దాని కింద ఇంకో వాసన సన్నగా... నీళ్ళు పోశాక పసిపిల్లలకి రాసే పౌడరు వాసన. లేయా మాగ గది తలుపుకి చెవి ఆనించింది.

గిర్ర్... గిర్ర్...

పెట్టెలోపల ఉండే చిన్న ఫ్యాను చప్పుడు. రోజూ వినే చప్పుడే. కాని కరెంటు వైరు ముందు గదిలో మేకుకి వేలాడుతోంది.

ఆమె గ్రూపులో రాసింది. "కరెంటు లేకుండా ఫ్యాను తిరుగుతుందాండి?"

"కరెంటు లేకుండా తిరిగేది మా ఆవిడ నోరు ఒక్కటే," అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు.

"ఎలక దూరుంటది," అన్నాడు జోజిబాబు. "ఇంతకీ ఎక్కడ పెట్టావు?"

"మాగ గదిలోనండి. గడ్డిలో."

ఇక చూడాలి. "పండాక చెప్పు అక్కా, రసం పిండుకుందాం" అని ఒకరు, "నూజివీడు కంప్యూటరు రసాలు, రండి బాబూ రండి" అని ఇంకొకరు. జోజిబాబు మాత్రం నవ్వలేదు. "గాలాడే చోట పెట్టమంటే గడ్డిలో పాతిపెట్టావా? నీకసలు మనిషి మాట అర్థమవుద్దా? ఇప్పుడే బయటికి తియ్."

లేయా లేచి వెళ్ళింది. మాగ గది గుమ్మానికి అడ్డంగా మగ్దలేనమ్మ పీట వేసుకుని కూర్చుని ఉంది. ఎప్పుడు కూర్చుందో. జడ విప్పేసుకుని ఉంది. ఒళ్ళో దువ్వెన.

"లే వదినా. తియ్యాలంట."

"మధ్యలో తీస్తే సగం పండుద్ది. తలుపు తియ్యకూడదని నీకు తెలీదా?"

"అది కాయ కాదు కదా..."

"ఉండనీ." మగ్దలేనమ్మ గొంతు తగ్గించింది. "రాత్రంతా వింటూనే ఉన్నా. ఉండనీ."

లేయా వెనక్కి వచ్చేసింది.

ఆ రోజు మళ్ళీ మబ్బు పట్టింది. సాయంత్రానికే తోటలో చెట్లకీ చెట్లకీ మధ్య చీకటి నిండిపోయింది. మగ్దలేనమ్మ పెరట్లోకి వెళ్ళినప్పుడు లేయా గడియ తీసి లోపలికి దూరింది. తెల్లారితే డేవిడ్ రాజు వస్తాడు. ఆయన రాకముందే పిల్ల బాగుందో లేదో చూడాలి. అదొక్కటే ఆమె ధ్యాస.

గడ్డి తోడింది. దూరంగా ఉన్న కాయలు ఇంకా పచ్చగా, రాయిలా ఉన్నాయి. పెట్టెకి ఆనుకున్నవి నల్లగా మెత్తబడి, చెయ్యి తగలగానే తోలు ఊడొచ్చాయి. పెట్టెని ముట్టుకుంది. వెచ్చగా ఉంది. గడ్డి వేడి కాదు. జ్వరం వచ్చిన పిల్ల నుదుటి వేడి అది. ఆ వేడి ఆమె అరచేతికి బాగా తెలుసు. మరలు బిగించే కంతల్లోంచి ఏదో కారి గడ్డకట్టింది. వేలికి జిగటగా అంటుకుని మండింది. పచ్చికాయ తొడిమ విరిస్తే కారే సొన.

ముందు గదికి తెచ్చి, ర్యామ్ మళ్ళీ పెట్టి, వైర్లన్నీ తగిలించి, బొత్తాం నొక్కింది. తెర వెలిగింది.

"స్తోత్రం ప్రభువా," అంది లేయా. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఫోల్డరు తెరిచింది.

మొదటి ఫొటో క్రిస్మస్ నాటిది. గుడి మెట్ల మీద ఎర్ర గౌనులో దీవెన నవ్వుతోంది. లేయా కూడా నవ్వింది. ఆ తర్వాత ఆమె నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

పిల్లకి ముందు పళ్ళు రెండు లేవు.

పాలపళ్ళు ఊడే వయసు ఆ పిల్లకి రాలేదు.

రెండో ఫొటో డేవిడ్ రాజు లారీ మెట్టు మీద కూర్చోబెట్టి తీసింది. లారీ అదే. ఎండ అదే. పక్కన పడుకున్న కుక్క అదే. గాల్లో ఊగుతుండాల్సిన పిల్ల కాళ్ళు మాత్రం నేలకి ఆని ఉన్నాయి. గౌను చంకల్లో చిరిగింది.

లేయా ఫోను తీసింది. అక్షరాలు సరిగ్గా పడడం లేదు. "ఫొటోల్లో మనుషులు పెరుగుతారాండి?"

"కాంప్లాన్ పోశారా అక్కా?"

"ఫైలు పాడైతే గీతలు పడతయి, రంగు చెదురుద్ది," అన్నాడు జోజిబాబు. "మనిషి ఎదగదు తల్లీ. నీ బుర్రే పాడయింది. ఏదీ, పంపు."

మొదటి ఫొటో పంపింది. కాసేపటికి జవాబొచ్చింది. "శుభ్రంగా ఉందిగా. పదేళ్ళ పిల్ల, పలువరస ముత్యాల్లా ఉంది. దీనికేనా ఊళ్ళో వాళ్ళందర్నీ చంపుకుతింటున్నావు?"

పదేళ్ళ పిల్లా? లేయా మళ్ళీ తెర వైపు చూసింది. అవును. పదేళ్ళ పిల్ల. పళ్ళన్నీ ఉన్నాయి.

ఇక చూడకూడదనుకుంది. చెయ్యి వినలేదు. మూడో ఫొటో... హనుమాన్ జంక్షన్ స్టూడియోలో, వెనకాల పూల తెర, లేయా పిల్లని చంకనెత్తుకుని నిలబడింది. ఇప్పుడు ఆ చంకలో లేయా అంత మనిషి ఉంది. పొడుగాటి కాళ్ళు నేల మీదికి వేలాడుతున్నాయి. చేతులు రెండూ లేయా మెడ చుట్టూ పెనవేసి ఉన్నాయి. ఫొటోలో లేయా మాత్రం ఏమీ తెలియనట్టు అప్పటి నవ్వే నవ్వుతోంది.

మొహం... ఆ మొహం కెమెరా వైపు చూడడం లేదు. తెర బయట కూర్చున్న లేయా వైపు చూస్తోంది. కళ్ళు ఆమెని గుర్తుపట్టాయి. వాటిలో ప్రేమ లేదు.

"దీవెనా..." అంది లేయా.

ఫొటోలో చేతులు ఇంకాస్త బిగుసుకున్నాయి. లేయాకి ఊపిరి ఆడలేదు. మెడ తడుముకుంది. వేళ్ళకి జిగటగా తగిలింది. సొన. చర్మం మండుతోంది.

ఫోను మోగింది. జోజిబాబు గొంతు. ఎప్పుడూ అరిచే మనిషి గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"అక్కా... వైరు పీకెయ్. నువ్వు పంపిన ఫొటో తీసేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీసేశాను. ఇప్పుడందులో... నడివయసు మనిషి ఉంది అక్కా. గౌను అదే. నీకు దండం పెడతా, వైరు పీకెయ్."

లేయా వైరు పీకేసింది. తెర ఆరిపోయింది. గది చీకటయింది.

గిర్ర్... గిర్ర్...

పెట్టె మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. కదలిక లేదు. ఆ చప్పుడు పెట్టెలోంచి రావడం లేదు.

మాగ గదిలోంచి వస్తోంది.

ఫ్యాను చప్పుడు కాదది. గొంతులో గురక. చాలాకాలం ఊపిరి తీసుకోని మనిషి తీసుకుంటున్న ఊపిరి. తర్వాత గడ్డి గరగరలాడింది. కాయలు ఒకటొకటే దొర్లి నేల మీద పడ్డాయి... మెత్తగా... ఆ తర్వాత పట్టీల చప్పుడు. పిల్ల పరుగు కాదు. బరువైన మనిషి. ఒక అడుగు... ఆగి... ఇంకో అడుగు.

మగ్దలేనమ్మ ఎప్పుడొచ్చిందో మాగ గది గుమ్మం ముందు నిలబడి ఉంది. చేతిలో దువ్వెన.

"వద్దు వదినా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"మూడేళ్ళు. నా చిట్టితల్లికి తల దువ్వక మూడేళ్ళు."

"అది మన పిల్ల కాదు వదినా..."

మగ్దలేనమ్మ వెనక్కి తిరిగింది. చీకట్లో ఆమె పళ్ళు తెల్లగా కనిపించాయి. "నీ పిల్ల కాదు. నీకు మొహమే గుర్తులేదుగా."

ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. ఒక్క ఆ పెట్టె ముందు కూర్చుని తనలో తాను అనుకుంది అంతే.

మగ్దలేనమ్మ లోపలికి వెళ్ళింది. లోపల్నుంచి గడియ పడింది. తర్వాత దువ్వెన చప్పుడు. చిక్కు దగ్గర ఆగి, మళ్ళీ కిందికి...

"అమ్మ ఉందా బయట?" బొంగురు గొంతు. లేయా ఎన్నడూ వినని గొంతు.

"ఉంది తల్లీ."

"రమ్మను."

"ఇప్పుడు కాదులే. ముందు జడ కానీ. కదలకు."

లేయా పారిపోలేదు. ఎక్కడికి పోతుంది? తలుపు తట్టనూ లేదు. వీధి మెట్టు మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. దువ్వెన చప్పుడు ఆగలేదు. గ్రూపులో ఒక్కరూ పలకలేదు. ఎప్పుడూ ఎవడో ఒకడు వాగే ఆ గ్రూపు గోరీలా ఉంది.

వెలుగు రేకలు వస్తుండగా లారీ హారను వినిపించింది. డేవిడ్ రాజు దిగాడు. ఎగిరిపోయిన రేకు చూశాడు, లేయా మొహం చూశాడు.

"పెట్టె తడిసిందా?"

తల ఊపింది. అతను లోపలికి వెళ్ళి వైరు పెట్టి, ఫోల్డరు తెరిచాడు. లేయా అతని భుజం వెనకాల నిలబడింది.

గుడి మెట్ల మీద ఎర్ర గౌను ఒక్కటే పడి ఉంది. లారీ మెట్టు ఖాళీ. స్టూడియో ఫొటోలో లేయా నవ్వుతూ నిలబడింది, ఏదో బరువు మోస్తున్నట్టు చెయ్యి వంచి. ఆ చంకలో ఎవరూ లేరు.

"దీవెన ఏది?" అన్నాడు డేవిడ్ రాజు మెల్లగా.

"మీకు గుర్తుందా?" అంది లేయా. "పిల్ల మొహం... మీకైనా గుర్తుందా?"

అతను నోరు తెరిచాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. అతనికీ ఆ మొహం రాలేదు.

"అక్క ఏది?" అన్నాడు చివరికి.

లేయా మాగ గది వైపు వేలు చూపించింది. అతను వెళ్ళి తలుపు మీద కొట్టాడు. "అక్కా! ఏం చేస్తున్నావు లోపల? తియ్!"

దువ్వెన చప్పుడు ఆగింది.

"వస్తున్నాం రా," అంది మగ్దలేనమ్మ లోపల్నుంచి. ఆ గొంతులో అంత సంతోషం లేయా ఎన్నడూ వినలేదు. "అయిపోవచ్చింది."

తలుపు కింద సందులోంచి, దువ్వెనకి చిక్కిన వెంట్రుకలు ఉండ చుట్టి పారేసినట్టు, ఒక ఉండ దొర్లుకుంటూ వచ్చి లేయా పాదాల దగ్గర ఆగింది. దానికి పసిపిల్లల ఎర్ర రిబ్బను ముక్క చుట్టి ఉంది.

లేయా వంగి చేతిలోకి తీసుకుంది. వెచ్చగా ఉంది. ఆ వెంట్రుకలు ఒక్కటి మిగలకుండా తెల్లగా నెరిసిపోయి ఉన్నాయి.